ఇంటర్ తర్వాత ఫోరెన్సిక్ సైకాలజీనా, కౌన్సెలింగా? నెల్లూరు, ఒంగోలు పిల్లలకు ఏ దారి మేలు

ముందు నా మాట చెప్పేసి తర్వాత కారణాల్లోకి వస్తాను. ఫోరెన్సిక్ సైకాలజీ, అంటే నేరాలు, కోర్టు కేసుల్లో మనుషుల మనసును పరిశీలించే చదువు మీద మనసు పడ్డ పిల్లలు డిగ్రీలో మామూలు సైకాలజీనే మేజర్‌గా, అంటే ముఖ్య సబ్జెక్టుగా తీసుకోవాలి. ఫోరెన్సిక్ అన్నది పీజీలో చదవాల్సిన చదువు. డిగ్రీ పట్టా మీద ఆ పేరు కనపడటం కోసం లక్షలు ఎక్కువ పోయనక్కర్లేదు. కౌన్సెలింగ్ చేయాలనుకునే వాళ్లకు కూడా మొదటి మూడు నాలుగేళ్లు దాదాపు ఇదే దారి. రెండూ విడిపోయేది ఆ తర్వాతే. అందుకని ఇంటర్ ఫలితాలొచ్చిన వారంలోనే "ఫోరెన్సిక్కా, కౌన్సెలింగా తేల్చుకో" అని పిల్లల్ని తొందరపెట్టకండి. ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఎక్కడ చదవాలి, ఆ కాలేజీలో నిజంగా ఏం నేర్పుతారు అన్న రెండు సంగతులే.

"ఫోరెన్సిక్ అంటే శవాల దగ్గర పనా అమ్మా?" అని మన వైపు చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. కాదు. శవపరీక్ష చేసేది ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టర్లు. దానికి ఎంబీబీఎస్ చదివి, ఆపైన ఎండీ చేయాలి. రక్తపు మరకలు, వేలిముద్రలు, విషాలు, డీఎన్ఏ చూసేది ల్యాబులో పనిచేసే ఫోరెన్సిక్ సైన్స్ వాళ్లు. ఫోరెన్సిక్ సైకాలజిస్టు ఎదురుగా ఉండేది మాట్లాడే మనిషి. ఆ మనిషి నిందితుడు కావచ్చు, బాధితురాలు కావచ్చు, సాక్ష్యం చెప్పాల్సిన ఎనిమిదేళ్ల పిల్ల కావచ్చు. ఈ మూడు చదువుల పేర్లూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి అడ్మిషన్ ఏజెంట్లు ఒకదాని బదులు ఇంకోటి అంటగట్టే వీలుంది. బ్రోచర్‌లో సబ్జెక్టుల జాబితా చదవనిదే డబ్బు కట్టొద్దు.

పని ఎలా ఉంటుంది

సినిమాల్లో చూపించే నేరస్తుడి మనసు చదివే పని మన దేశంలో చాలా తక్కువ. ఫోరెన్సిక్ ల్యాబుల్లో సైకాలజీ విభాగం ఉన్నచోట ముఖ్యంగా జరిగేవి అబద్ధాలు పట్టే యంత్రమని పేరుపడ్డ పాలిగ్రాఫ్, మెదడులోని విద్యుత్ సంకేతాలు చూసే బ్రెయిన్ మ్యాపింగ్ లాంటి పరీక్షలు. పాలిగ్రాఫ్‌లో ఊపిరి, రక్తపోటు, గుండె వేగం, చర్మం మీద చెమట వల్ల మారే విద్యుత్ వాహకత కొలుస్తారు. యంత్రం పట్టిచ్చేది ఒంట్లో వచ్చిన మార్పునే. ఆ మార్పు అబద్ధం వల్ల వచ్చిందా, భయం వల్ల వచ్చిందా అన్నది మనిషి తేల్చాలి. అందుకే ప్రశ్నలు తయారుచేయడం, పరీక్షకు ముందు ఆ మనిషితో మాట్లాడటం ఇందులో అసలు విద్య. 2010లో సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక నిందితుడు ఒప్పుకోకుండా నార్కో (మందిచ్చి మత్తులో ప్రశ్నించే పరీక్ష), పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదు. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితం ఒక్కటే సాక్ష్యంగా నిలబడదు. దాని ద్వారా దొరికిన వస్తువో సమాచారమో మాత్రం సాక్ష్యానికి పనికొస్తుంది.

ల్యాబుకు బయట జరిగే పని నా దృష్టిలో ఇంతకంటే బరువైంది. పదహారు నిండి పద్దెనిమిది నిండని పిల్లవాడి మీద ఘోరమైన నేరం ఆరోపణ వచ్చిందనుకోండి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక అంచనా వేయాలి. ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం వాడికుందా, దాని పర్యవసానాలు తెలుసుకోగలడా, ఏ పరిస్థితుల్లో ఆ పని జరిగిందని చెబుతున్నారు అన్నవి చూడాలి. బోర్డు ముందు మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి మూడు నెలల్లో ఇది పూర్తి కావాలి. నేరం చేశాడా లేదా అన్నది ఈ దశలో తేల్చేది కాదు. వాణ్ని పెద్దవాడిలా విచారించాలా, పిల్లవాడిలాగే చూడాలా అన్నది మాత్రం ఇక్కడే మలుపు తిరుగుతుంది. బోర్డులో పిల్లల మనస్తత్వం లేదా పిల్లల మానసిక వైద్యం చదివినవాళ్లు లేకపోతే సైకాలజిస్టుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. బోర్డులు జిల్లా స్థాయిలో పనిచేస్తాయి. అంటే ఈ పని ఢిల్లీ, గాంధీనగర్‌లలోనే కాదు, మన జిల్లా కేంద్రాల్లోనూ ఉంది. ఓ కుర్రాడి మిగతా జీవితం మీద పడే నివేదిక రాయాలంటే ఎంత చదువు, ఎంత ఓర్పు కావాలో ఆలోచించండి. మూడేళ్ల డిగ్రీ అయిన ఇరవై ఒక్కేళ్ల వాళ్ల చేతికి ఆ పని ఎవరూ ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ కింద మతిస్థిమితం ప్రశ్న వచ్చినప్పుడు కోర్టు సాధారణంగా మాట వినేది సైకియాట్రిస్టుదీ, వాళ్లతో కలిసి పరీక్షలు చేసే క్లినికల్ సైకాలజిస్టుదీ. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. సైకాలజీలో పీజీ, దానిపైన భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్నచోట రెండేళ్ల ఎంఫిల్, అందులో సీనియర్ల పర్యవేక్షణలో రోగులతో శిక్షణ. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, ఎంఫిల్ రెండేళ్లు కలిపితే ఏడేళ్లు. ఇప్పుడు ఎంఫిల్ స్థానంలో కొత్త కోర్సులు వస్తున్న సంధికాలం కాబట్టి పీజీలో చేరే ఏడాది పునరావాస మండలి వెబ్‌సైట్‌లో అప్పటి నిబంధన చూసుకోవాలి. పేరు ఎలా మారినా, పర్యవేక్షణలో శిక్షణ పొందకుండా ఆ హోదా రాదు.

కౌన్సెలర్ కుర్చీ వేరు

ఫోరెన్సిక్‌కీ కౌన్సెలింగ్‌కీ మధ్య తేడా సిలబస్‌లో వెతికితే దొరకదు. మీ ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పిన మాట ఎక్కడికి వెళుతుందన్నదే తేడా. కౌన్సెలర్ దగ్గర చెప్పిన మాట ఆ గదిలోనే ఉండిపోతుందన్న నమ్మకం మీదే ఆ పని నడుస్తుంది. దీనికి మినహాయింపులున్నాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం కౌన్సెలర్ అయినా పోలీసులకు చెప్పి తీరాలి. ఫోరెన్సిక్‌లో ఈ నమ్మకం సంగతి పూర్తిగా తిరగబడుతుంది. "మీరు చెప్పేది నా నివేదికలోకి ఎక్కుతుంది, కోర్టు చదువుతుంది" అని ముందే ఆ మనిషికి చెప్పి మాట మొదలుపెట్టాలి. ఎదుటివాడు ఏడుస్తున్నా, జాలి కలుగుతున్నా, కాగితం మీద రాయాల్సింది చూసిందే. తర్వాత బోనెక్కి, లాయరు అడ్డప్రశ్నలకు తడబడకుండా జవాబివ్వాలి.

మీ పాపనో బాబునో గమనించండి. స్నేహితురాలి కష్టం విని రాత్రంతా పక్కన కూర్చునే పిల్లకు కౌన్సెలింగ్ నప్పుతుంది. ఒకే గొడవ గురించి ఇద్దరు చెప్పింది విని "ఇక్కడ లెక్క కుదరట్లేదే" అని పట్టుకునే పిల్లకు ఫోరెన్సిక్ నప్పుతుంది. పద్దెనిమిదేళ్లకు ఇది పూర్తిగా బయటపడదు. డిగ్రీలో మామూలు సైకాలజీ చదవమనడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం ఉద్యోగాలు ఎక్కడున్నాయన్నది. ఫోరెన్సిక్ ల్యాబుల్లో సైకాలజీ పోస్టులు బాగా తక్కువ, అవీ పెద్ద నగరాల్లోనే. కౌన్సెలింగ్ పనులు మాత్రం నెల్లూరు, ఒంగోలులోనే ఉన్నాయి. హింసకు గురైన ఆడవాళ్ల కోసం 2015లో దేశమంతటా మొదలైన సఖి వన్ స్టాప్ సెంటర్లు, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నడిచే జిల్లా బాలల సంరక్షణ విభాగం, ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్ఐవీ పరీక్షల దగ్గర ఉండే కౌన్సెలర్లు, 1984 చట్టంతో వచ్చిన కుటుంబ న్యాయస్థానాలు. వీటిలో చాలావరకు కాంట్రాక్టు పోస్టులే, జీతాలు గొప్పగా ఉండవు. ఆ సంగతి దాచి ఆశ పెట్టడం నాకిష్టం లేదు. అయితే మొదటి రెండేళ్ల అనుభవానికి ఇంతకు మించిన చోటు లేదు. సఖి సెంటర్‌లో పనిచేస్తే పోలీసు కంప్లైంటు ఎలా నడుస్తుందో, ఆసుపత్రి కాగితం ఎలా ఉంటుందో, కోర్టు వాయిదా అంటే ఏమిటో కళ్లారా చూస్తారు. రేపు ఫోరెన్సిక్ పీజీకి వెళ్లినా ఆ అనుభవం వెంట ఉంటుంది. నెల్లూరు దగ్గర చెముడుగుంటలో సెంట్రల్ జైలుంది. నేరస్తుల మనస్తత్వం మీద ఆసక్తి ఉందనే పిల్లలు ఏదైనా సేవాసంస్థ ద్వారానో, కాలేజీ అనుమతితోనో అలాంటి చోట ఒక్కరోజు గడిపొస్తే తమ ఆసక్తి ఎంత గట్టిదో వాళ్లకే తెలిసిపోతుంది.

కాలేజీల సంగతి మరిచిపోకూడదు. కార్పొరేట్ ఇంటర్ చదువులు బాగా పెరిగిన ఊరు నెల్లూరు. హాస్టల్ గదుల్లో పిల్లలు ఎంత నలిగిపోతున్నారో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఓ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో ఒక్కరినైనా పెట్టుకోవాలని అందులో ఉంది. కాలేజీలు దీన్ని మనస్ఫూర్తిగా పాటిస్తే మన రెండు జిల్లాల్లోనే ఎంతమంది కావాలో లెక్కేసుకోండి. తెలుగులో, మన యాసలో, "ఏమైందిరా, అన్నం తిన్నావా?" అని మొదలుపెట్టి మాట్లాడగల శిక్షణ పొందిన మనుషులు ఇక్కడ కావాలి. ఈ రంగంలోకి పిల్లల్ని పంపమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఎక్కడ చేరాలి

పేరులోనే ఫోరెన్సిక్ సైకాలజీ ఉన్న డిగ్రీలను కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు ఇస్తున్నాయి. వాటిలో మంచి అధ్యాపకులు ఉండొచ్చు. సిలబస్ చూసి ఒక్క సంగతి తేల్చుకోండి. అసాధారణ మనస్తత్వం, వికాస మనస్తత్వం, సామాజిక మనస్తత్వం, స్టాటిస్టిక్స్, సైకాలజీ ప్రాక్టికల్స్ నిండుగా ఉన్నాయా? ఉంటే ఆ డిగ్రీ పీజీకి పనికొస్తుంది. అవి తగ్గించి నేర శాస్త్రం, సైబర్ నేరాలు, వేలిముద్రలు అంటూ తలా ఒక పేపరు పెట్టి ఉంటే వదిలేయండి. రేపు క్లినికల్ సైకాలజీ పీజీకి వెళ్లినప్పుడు "మీ డిగ్రీలో సైకాలజీ సరిపోదు" అంటే పిల్ల ఏం చేయాలి?

ఈ రంగంలో దేశంలో పెద్ద పేరు గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీది. 2009లో గుజరాత్ రాష్ట్ర విశ్వవిద్యాలయంగా మొదలై, 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ విశ్వవిద్యాలయమైంది. ఢిల్లీ, గోవా, ధార్వాడ్ లాంటి చోట్ల కూడా క్యాంపస్‌లున్నాయి. అక్కడ ఫోరెన్సిక్ సైకాలజీ ఉన్నది పీజీలో. ఆ మెట్టు ఎక్కాలనుకునే వాళ్లు డిగ్రీలో మార్కులు, ప్రాక్టికల్స్ గట్టిగా ఉంచుకోవాలి. ఇంట్లో డబ్బు ఉంటే డిగ్రీకి కాదు, ఆ పీజీకి దాచండి.

మామూలు సైకాలజీ డిగ్రీకి మన దగ్గరి కాలేజీల్లో ఉన్న ఇబ్బంది వేరు. మన రాష్ట్రంలో 2023-24 నుంచి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. విక్రమ సింహపురి కిందగానీ, ఆంధ్రకేసరి యూనివర్సిటీ కిందగానీ మీరు చూస్తున్న కాలేజీలో సైకాలజీ మేజర్‌గా ఉందో, మైనర్‌గా, అంటే పక్క సబ్జెక్టుగా మాత్రమే ఉందో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్‌లో చూడండి. కాలేజీ గుమాస్తా నోటిమాట చాలదు. మేజర్ దొరక్కపోతే బయటికి వెళ్లక తప్పదు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలకు పాత సైకాలజీ విభాగాలున్నాయి. కాబట్టి పీజీకి ఆ రెండూ ఎలాగూ లెక్కలోకొస్తాయి. డిగ్రీకి నెల్లూరు వాళ్లు ఎక్కువగా చెన్నై వైపు చూస్తారు, రైలెక్కితే మూడు గంటలు. విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ లాంటి చోట్ల సైకాలజీకి మంచి పేరుంది. ఒంగోలు వాళ్లకు హైదరాబాద్ అలవాటైన ఊరు. బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీని ఆడపిల్లలు చూడొచ్చు.

చెన్నై, హైదరాబాద్ రెండింట్లోనూ సీటొస్తే నేను హైదరాబాద్ అంటాను. కారణం భాష. డిగ్రీ రెండో ఏడు నుంచి ఇంటర్న్‌షిప్ అంటూ ఆసుపత్రికో, బడికో, సేవాసంస్థకో పంపుతారు. చెన్నైలో అక్కడికొచ్చే మనుషులు తమిళంలో మాట్లాడతారు. మీ పిల్ల పక్కన కూర్చుని చూడగలదు గానీ మాట కలపలేదు. మనిషి బాధ చెప్పుకునేది అమ్మభాషలోనే. మాట మధ్యలో ఆగిపోవడం, మాట మార్చడం, నవ్వి తప్పించుకోవడం పట్టుకోవాలంటే ఆ భాష నరనరాన ఉండాలి. ఇంట్లో తమిళం కాస్త అలవాటున్న పిల్లలైతే చెన్నై బ్రహ్మాండం, వెనకాడనక్కర్లేదు.

బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ గురించి ఒక ముక్క. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన, క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలి. దీన్ని అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. కాబట్టి ల్యాబు మనుషుల అవసరం పెరుగుతుంది. కానీ అది కెమిస్ట్రీ, బయాలజీ చదువు. బైపీసీ చదివి మైక్రోస్కోప్ అంటే ఇష్టమున్న పిల్లలకు బాగుంటుంది. మనుషులతో మాట్లాడటం ఇష్టమని చేరితే మొదటి ఏడాదే విసుగొస్తుంది.

కోర్టు గది మీద మోజున్న పిల్లలు కొందరు సైకాలజీ అంటూ వస్తారు గానీ, వాళ్ల మనసు వాదనల మీద ఉంటుంది. వాళ్లతో లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాయించి ఐదేళ్ల లా చదివించడం మేలు. సోషల్ వర్క్‌లో డిగ్రీ, ఆపైన అందులోనే పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లకు నేను పైన చెప్పిన జిల్లా స్థాయి పోస్టులు చాలావరకు సైకాలజీ వాళ్లతో సమానంగా అందుతాయి. త్వరగా ఉద్యోగంలో కుదురుకోవాల్సిన ఇంటికి ఇది నిజంగా మంచి దారి. దీన్ని చిన్నచూపు చూడొద్దు. పునరావాస మండలి తెచ్చిన నాలుగేళ్ల బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఆనర్స్ కొత్తది. దాంట్లో చేర్పించే ముందు ఆ కాలేజీ పేరు మండలి అనుమతించిన జాబితాలో ఉందో లేదో మీరే చూడండి.

దూరవిద్య గురించి చాలామందికి ఇంకా తెలియని సంగతొకటుంది. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చేర్చుకోవద్దని యూజీసీ 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి ఆపేసింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే చదువుల్లో ఇదీ ఒకటి కావడమే కారణం. కావలిలోనో, కందుకూరులోనో ఎవరైనా స్టడీ సెంటర్ బోర్డు పెట్టి "ఇంట్లో కూర్చుని సైకాలజీ డిగ్రీ" అంటే డబ్బు కట్టొద్దు. అంతకుముందే చేరినవాళ్లు కోర్సు పూర్తిచేసుకోవచ్చు.

విదేశాలకు పంపే స్తోమత ఉన్నవాళ్లకు రెండు మాటలు. న్యూయార్క్‌లోని జాన్ జే కాలేజీలో ఫోరెన్సిక్ సైకాలజీ డిగ్రీ స్థాయిలోనే ఉంది. బ్రిటన్‌లో ఫోరెన్సిక్ సైకాలజిస్టు అనే హోదా చట్టబద్ధమైంది, అక్కడి ఆరోగ్య వృత్తుల మండలిలో నమోదైనవాళ్లే పెట్టుకోవాలి. డిగ్రీ తర్వాత ఇంకా ఏళ్ల శిక్షణ ఉంటే తప్ప అది రాదు. పైగా ఈ చదువులో సగం ఆ దేశపు చట్టాలే. తిరిగొచ్చి మన కోర్టుల్లో పనిచేయాలంటే మన చట్టాలు మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి. పంపితే పీజీకి పంపండి.

కాలేజీకి వెళ్లినప్పుడు

ప్రిన్సిపాల్ గది కంటే ముందు సైకాలజీ ల్యాబు చూపించమనండి. పరీక్షల కిట్లు ఉన్నాయా, వాటి మీద దుమ్ముందా, ప్రాక్టికల్ రికార్డులు పిల్లలు సొంతంగా రాసినవా అన్నది ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. సైకాలజీలోనే పీజీ చేసిన శాశ్వత అధ్యాపకులు ఎంతమందో అడగండి. మూడో ఏడాది పిల్లల్ని ఇద్దరిని క్యాంటీన్ దగ్గర పట్టుకుని ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారో, సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టారా, నిజంగా పనిచేశారా అని అడగండి. కిందటి బ్యాచ్‌లో ఎవరు ఏ పీజీలో చేరారో చెప్పగలిగితే ఆ విభాగం బతికున్నట్టు. చెప్పలేకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.

హెచ్ఈసీ, సీఈసీ పిల్లలు స్టాటిస్టిక్స్‌కు భయపడతారు. అక్కడ కావాల్సింది పదో తరగతి లెక్కలు, రోజూ కాస్త సాధన, అంతే. ఎంపీసీ వాళ్లకు అది తేలిక. వాళ్లకు కష్టమయ్యేది పేజీలకు పేజీలు చదివి సొంత మాటల్లో రాయడం. బైపీసీ వాళ్లకు మెదడు, నరాల పాఠాలు సులువు. నీట్‌లో సీటు రాక ఇటు వచ్చే పిల్లలకు మాత్రం ఒక్క మాట చెప్పాలి. ఓడిపోయి వచ్చానన్న దిగులుతో చేరితే ఈ చదువు నిలవదు. ఎవరికో తోడు ఉండటం నేర్చుకునే ముందు వాళ్ల దిగులు ఎవరితోనైనా పంచుకోవాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ నంబరు 14416, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పటికే బీకామ్‌లోనో, బీఎస్సీలోనో ఉండి ఇటు రావాలనుకునే వాళ్లు డిగ్రీ మధ్యలో వదిలేయొద్దు. ఏ డిగ్రీ చేసినవాళ్లకైనా ఎంఏ సైకాలజీలో చోటిచ్చే యూనివర్సిటీలున్నాయి. డిగ్రీలో సైకాలజీ ఉండి తీరాలనేవీ ఉన్నాయి. ఆఖరి ఏడాది మొదట్లోనే మీరు చేరాలనుకున్న యూనివర్సిటీ పీజీ నోటిఫికేషన్ తీసి, అర్హత దగ్గర ఏం రాసిందో చదువుకోండి.